తోక తెగిన క్రియలు

చిరంజీవి తల్లికి,

బాబాయి ఆశీస్సులు. నీ కథ అంది పది రోజులైంది. మూడుసార్లు చదివాను. మొదటిసారి హాయిగా చదివేశాను. రెండోసారి ఒకచోట ఆగిపోయాను. ఎందుకు ఆగానో నాకు నేనే తేల్చుకోవడానికి ఇన్నాళ్లు పట్టింది. ఆలస్యానికి ఏమీ అనుకోకు.

నేను ఆగింది మీటింగ్ సీన్ దగ్గర. పెద్ద ప్రభుత్వ సంస్థ, పొడవాటి బల్ల, గోడ మీద స్లైడ్లు. డైరెక్టరు లేచి, "సమగ్ర దృక్పథంతో, భాగస్వామ్య పక్షాలన్నిటినీ కలుపుకొని, ఫలితాల ఆధారిత కార్యాచరణతో ముందుకు సాగుదాం" అంటాడు. అలా రెండు పేజీలు మాట్లాడతాడు. అందరూ తలలూపుతారు. నీ కథానాయిక లోలోపల నవ్వుకుంటుంది. పాఠకులూ నవ్వుతారు. నవ్వేసి పేజీ తిప్పేస్తారు. నా బాధంతా ఆ తిప్పేయడం గురించే.

ఆ మాటలు నువ్వు కల్పించలేదని నాకు తెలుసు. ఉద్యోగంలో చేరి ఏడాదిన్నర అయిందన్నావు, రోజూ చెవిన పడుతూనే ఉంటాయి. నేనూ ముప్పై ఏళ్లు అలాంటి సంస్థలో పనిచేశాను. ఆ భాష విన్నాను, నేర్చుకున్నాను, నా చేత్తో రాశాను. ఆ చనువుతోనే కాస్త గట్టిగా మాట్లాడుతున్నాను. దాన్ని ఎగతాళి చేయడం ఎవరికైనా వచ్చు. అది ఎలా పుడుతుందో, ఎవరిని దాచిపెడుతుందో చూపించాలంటే ఓపిక కావాలి. నీ కథలో మిగతా పేజీలు చూస్తే ఆ ఓపిక నీకుందని తెలుస్తోంది.

ఎలా పుడుతుందో నేను దగ్గరుండి చూసింది ఒకటి చెబుతాను.

అప్పట్లో నేను నీళ్లు సరఫరా చేసే ఒక సంస్థలో, డివిజన్ ఆఫీసులో గుమస్తాని. ఒకరోజు కింది నుంచి కాగితం వచ్చింది. పంపుహౌస్ చూసుకునే కుర్ర ఇంజినీరు చేత్తో రాసి పంపాడు. నాలుగే వాక్యాలు. "మూడో నంబరు పంపు నెల రోజులుగా ఆడటం లేదు. బేరింగ్ పోయింది. కొత్తది కావాలని రెండుసార్లు రాశాం, రాలేదు. మెరక మీది వీధులకు నీళ్లు ఎక్కడం లేదు."

మా సూపరింటెండెంటు అది చదివి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "రెండుసార్లు రాశాం అని ఉంటే పైవాళ్లు ముందు నన్నే పట్టుకుంటారు. ఆ ముక్క తీసెయ్. బేరింగూ గీరింగూ మనకెందుకు, సాంకేతిక సమస్య అని రాయి" అన్నారు. నేను అలాగే రాశాను. "మూడవ నంబరు పంపునందు సాంకేతిక సమస్య తలెత్తినందున కొన్ని ప్రాంతములకు సరఫరాలో అంతరాయము ఏర్పడుచున్నది." సాఫీగా వచ్చిందని ఆరోజు సంతోషపడ్డాను కూడా.

ఆ కాగితం సర్కిల్ ఆఫీసుకు వెళ్లింది. అక్కడ ఇంకో నలుగురి కాగితాలతో కలిపి ఒకే నోట్ చేశారు. "కొన్ని పంపుల నిర్వహణలో సవాళ్లు ఎదురవుతున్నవి. విడిభాగాల సేకరణ ప్రక్రియను వేగవంతం చేయవలసి ఉన్నది." ఆ నోట్ హెడ్డాఫీసుకు చేరింది. అక్కడ నెలవారీ సమీక్షకు ఒక ఫారం ఉండేది. దాన్ని బయటి నుంచి వచ్చిన కన్సల్టెంట్లు తయారుచేసి ఇచ్చారు. అందులో మూడే గడులు: సాధించినవి, గుర్తించిన అవకాశాలు, ముందున్న కార్యాచరణ. 'పాడైంది' అని రాసుకోవడానికి గడి లేదు. దాంతో స్లైడు మీద, రెండో గడిలో, ఈ వాక్యం వచ్చింది: "సరఫరా వ్యవస్థను మరింత పటిష్ఠం చేసేందుకు అవకాశాలను గుర్తించడం జరిగింది."

కాపీలు పంచడానికి వెళ్లి ఆ గది వెనకాల నిలబడి ఉన్నాను. డైరెక్టరు ఆ వాక్యం చదివి తర్వాతి స్లైడుకి వెళ్లిపోయారు. ఆయన తప్పేమీ లేదు. ఆగి అడగడానికి ఆ వాక్యంలో ఏం మిగిలింది గనక? పంపు లేదు, నెల లేదు, వీధి లేదు. ఇంకో రెండు నెలలకు గానీ బేరింగ్ రాలేదు. ఆ రెండు నెలలూ మెరక మీది వీధుల్లో ఆడవాళ్లు తెల్లవారుజామున పల్లంలోకి దిగి బిందెలతో నీళ్లు మోసుకున్నారు. వాళ్లలో ఒక్కరూ ఏ కాగితంలోకీ ఎక్కలేదు.

ఇందులో ఎవరూ అబద్ధం రాయలేదు. ఈ సంగతి నన్ను చాలాకాలం వేధించింది. నా వాక్యం నిజమే, సర్కిల్ ఆఫీసు వాక్యం నిజమే, ఆఖరికి స్లైడు మీది వాక్యాన్ని కూడా తప్పని నిరూపించలేం. ఒక్కొక్కరం ఒక్కో మాట మార్చాం. పోయిన బేరింగు నాలుగు మెట్లెక్కేసరికి ఒక అవకాశమైంది. నీ డైరెక్టరు మాట్లాడే రెండు పేజీల వెనక ఇలాంటి మెట్లు ఉండాలి. అవి కనబడితే పాఠకుడికి నవ్వు రాదు, గుబులు పుడుతుంది.

ప్రతి మెట్టు దగ్గరా భయం ఉంది చూడు. మా సూపరింటెండెంటు రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి. ఒక మెమో వస్తే పెన్షన్ ఆగిపోతుందని ఆయన భయం. పంపు నంబరు రాస్తే తమ సర్కిలే అధ్వానం అనుకుంటారని పై ఆఫీసు భయం. నాకేమో ముసాయిదా తిరిగొస్తుందని భయం. పెద్ద ప్రభుత్వ సంస్థల్లో ఈ భయం ఎక్కువ పండటానికి కారణం ఉంది. అక్కడ రాసే ఒక్క వాక్యాన్ని మంత్రిత్వ శాఖ చదువుతుంది, ఆడిట్ వాళ్లు చదువుతారు, సభలో ప్రశ్న వేసేవాళ్లు, కోర్టులో వకీళ్లు, పేపర్ల వాళ్లు చదువుతారు. అందరి దగ్గరా చిక్కు రాకుండా ఉండే వాక్యం కావాలి. అలాంటి వాక్యాన్ని చెక్కుతూ పోతే చివరికి అందులో ఏమీ మిగలదు. నీ డైరెక్టరు తెలివితక్కువవాడు కాకపోవచ్చు. జాగ్రత్తపరుడు అయ్యుండొచ్చు. జాగ్రత్తపరుణ్ణి రాయడం కష్టం, అయినా ప్రయత్నించు.

ఇంకో సంగతి. ఈ మాటల్లో చాలావరకు మరో చోట బతికి వచ్చినవే. స్ట్రాటజీ, టార్గెట్ సైన్యం నుంచి వచ్చాయి. పైప్‌లైన్, లెవరేజ్ ఇంజినీర్ల దగ్గర పుట్టాయి. 1980ల నుంచి బ్రిటన్, న్యూజీలాండ్, ఆస్ట్రేలియా లాంటి దేశాలు ప్రభుత్వ శాఖలను కంపెనీల పద్ధతిలో నడపడం మొదలుపెట్టాయి. క్రిస్టఫర్ హుడ్ అనే ఆచార్యుడు 1991లో ఆ ధోరణికి 'న్యూ పబ్లిక్ మేనేజ్‌మెంట్' అని పేరు పెట్టారు. రోగి, ప్రయాణికుడు, విద్యార్థి అందరూ కాగితాల మీద కస్టమర్లు అయిపోయింది ఆ గాలిలోనే. పద్ధతులు కొన్ని మేలు చేశాయి, కాదనను. కానీ పద్ధతి రానిచోటికి కూడా మాటలు వచ్చేశాయి. లెవరేజ్ అంటే ఏమిటి? గడ్డపార కింద చిన్న రాయి ఆనించి పెద్ద బండను కదిలించడం. ఎంత చక్కని బొమ్మ! "మన వనరులను లెవరేజ్ చేద్దాం" అని ఎవరైనా అన్నప్పుడు గడ్డపార ఏది, ఆనించే రాయి ఏది, కదలాల్సిన బండ ఏది అని మనసులో అడుగు. మూడూ చూపించగలిగితే ఆ మనిషి ఆ మాటను నిజంగా వాడుతున్నట్టు. చాలాసార్లు మూడింటిలో ఒక్కటీ కనిపించదు.

ఇప్పుడు మన భాష దగ్గరికి వస్తాను. నీకు అన్నిటికంటే పనికొచ్చేది ఇదేనని నా నమ్మకం, కాస్త నిదానంగా చదువు.

తెలుగు క్రియకు తోక ఉంటుంది. వేశాను, వేశావు, వేశాడు, వేసింది, వేశారు. కర్తను నోటితో చెప్పకపోయినా ఆ తోక చెప్పేస్తుంది. "తలుపు వేశావా?" అంటే చాలు, ఎవరిని అడుగుతున్నామో వేరే చెప్పక్కర్లేదు. మనిషిని దాచడం మన భాషకు సహజంగా చేతకాదు. దాచాలంటే పనిగట్టుకుని ఆ తోక కోయాలి. ఆఫీసు భాష అందుకు దారులు వెతుక్కుంది. ఒకటి 'బడు': చర్య తీసుకొనబడును, పరిశీలించబడుచున్నది. ఇంట్లో ఎవరైనా "తలుపు వేయబడింది" అంటారా? ఇంకోటి 'జరిగింది': నిర్ణయించడం జరిగింది, ఆదేశించడం జరిగింది. పెళ్లి జరిగింది, ప్రమాదం జరిగింది అంటే సరే. నిర్ణయం మాత్రం దానంతటది జరగదు. "నిర్ణయించడం జరిగింది" అనే వాక్యంలో కర్త ఎవరో చూడు. నిర్ణయించడమే కర్త! నిర్ణయించిన మనిషి గది వదిలి వెళ్లిపోయాడు. మూడోది 'వలసి ఉన్నది'. సేకరణ వేగవంతం చేయవలసి ఉన్నది, సరే, ఎవరు చేయాలి? "నువ్వు చెయ్యాలి" అన్నప్పుడు ఎదుటివాడు తప్పించుకోలేడు. 'వలసి ఉన్నది' దగ్గర అందరూ తప్పించుకుంటారు.

ఒక సాధన చెబుతాను. నీ సీన్లో ఉన్న వాక్యాలకు ఒక్కొక్కదానికీ తోక తిరిగి అతికించి చూడు. "సామర్థ్య నిర్మాణ కార్యక్రమాలు చేపట్టడం జరిగింది" అని రాశావు. ఎవరు చేపట్టారు, ఏం చేశారు, ఎవరికి? నాకు తెలిసిన ఒక సందర్భంలో అసలు సంగతి ఇది: "రెండు రోజులు క్లాసు పెట్టాం. నలభై మంది రావాలి, పదకొండు మంది వచ్చారు. రెండో రోజు కరెంటు లేదు." ఈ మూడు వాక్యాల్లో ఒక కథ ఉంది. పైదాంట్లో లేదు. కథలు రాసేవాళ్లం ఏరుకోవాల్సింది ఈ మూడు వాక్యాలనే.

అచ్చతెలుగు చేసేస్తే రోగం కుదురుతుందని అనుకోకు. ఈ పొరపాటు పెద్దవాళ్లు కూడా చేస్తారు. 'స్టేక్‌హోల్డర్' తీసి 'భాగస్వామ్య పక్షం' పెట్టినంత మాత్రాన ఆ పక్షంలో ఎవరున్నారో తెలియదు. రైతులా, కాంట్రాక్టర్లా, పక్క శాఖ వాళ్లా? మరో పక్క 'పంపు', 'బేరింగ్' రెండూ ఇంగ్లీషు నుంచి వచ్చినవే, బడికి వెళ్లని మనిషికి కూడా అర్థమవుతాయి. మాట ఎక్కడి నుంచి వచ్చిందన్నది నాకు పట్టదు. అది వేలు పెట్టి దేన్నైనా చూపిస్తోందా లేదా అన్నది చూస్తాను.

అలాగే ప్రతి కష్టమైన మాటనూ జార్గన్, అంటే పడికట్టు మాట, అని తోసెయ్యకు. డాక్టరు 'సెప్సిస్' అన్నా, అకౌంటెంటు 'డిప్రిసియేషన్' అన్నా, లైన్‌మ్యాన్ 'ఫీడర్' అన్నా అది వాళ్ల పనిముట్టు. ఆ ఒక్క మాటలో నాలుగు వాక్యాల అర్థం ఉంటుంది, తప్పుగా వాడితే తోటివాళ్లు వెంటనే పట్టుకుంటారు. నువ్వు కథలో అలాంటి మాటలు ధైర్యంగా వాడు, గౌరవంగా వాడు. తేడా పట్టుకోవడానికి నేను చేసే పని ఒకటుంది. వాక్యాన్ని తిరగేసి చూస్తాను. "మేము నాణ్యమైన, పారదర్శకమైన, జవాబుదారీతనంతో కూడిన సేవలు అందిస్తాము." తిరగేస్తే? నాసిరకం సేవలు గుట్టుగా అందిస్తాం అని ఏ సంస్థా చెప్పుకోదు. తిరగేస్తే ఎవరూ అనలేని మాట, తిన్నగా ఉన్నప్పుడు కూడా ఏమీ చెప్పడం లేదు. "దరఖాస్తు ఇచ్చిన పదిహేను రోజుల్లో కనెక్షన్ ఇస్తాం" అనేదాన్ని తిరగేయొచ్చు. పదిహేను దాటితే వచ్చి నిలదీయొచ్చు. అందుకే అలాంటి వాక్యం రాయడానికి జంకుతారు.

ఇదంతా కాగితాల గోల, దీనికింత ఆవేదన దేనికి అని నీకు అనిపించొచ్చు. కొలంబియా సంగతి విను.

2003 జనవరి 16న కొలంబియా అంతరిక్ష నౌక బయల్దేరింది. ఎగిరిన దాదాపు 82 సెకన్లకు పెద్ద ఇంధన ట్యాంకుకు పైపూతగా ఉన్న గట్టి నురుగు (ఫోమ్) ముక్క ఊడి ఎడమ రెక్కకు తగిలింది. నౌక పైన తిరుగుతుండగానే, ఆ దెబ్బ ఎంత ప్రమాదమో ఇంజినీర్లు లెక్కలు వేసి నాసా అధికారులకు స్లైడ్లు చూపించారు. అందులో ఒక స్లైడు గురించి తర్వాత చాలా చర్చ జరిగింది. దాని శీర్షిక, పరీక్షల సమాచారం చూస్తే మన అంచనాలు భద్రత వైపే మొగ్గుతున్నాయి అన్న ధోరణిలో ఉంది. దాని కింద చిన్న చిన్న అక్షరాల్లో మెట్లు మెట్లుగా వాక్యాలు. 'గణనీయం' అనే అర్థమిచ్చే మాట ఆ ఒక్క స్లైడులో ఐదుసార్లు వచ్చింది. ఎంత గణనీయం, దేంతో పోలిస్తే, చెప్పలేదు. అన్నిటికంటే అడుగున ఒక లెక్క ఉంది. పరీక్షలో వాడిన ముక్క 3 ఘనపు అంగుళాలు. రెక్కకు తగిలిందనుకుంటున్న ముక్క 1,920 ఘనపు అంగుళాలు. 640 రెట్లు! అంటే ఆ పరీక్షలు దీనికి వర్తిస్తాయో లేదో తెలియదు. తలకెక్కించాల్సిన మాట పాదాల దగ్గర పడి ఉంది.

ఫిబ్రవరి 1న తిరిగి వస్తూ నౌక ముక్కలైపోయింది. కల్పనా చావ్లాతో సహా ఏడుగురూ చనిపోయారు. ఆ స్లైడే వాళ్లను చంపిందని నేను అనను. కారణాలు చాలా ఉన్నాయి. రెక్కను ఫొటోలు తీయించమని ఇంజినీర్లు అడిగితే అదీ జరగలేదు. కానీ అదే ఏడాది ఆగస్టులో వచ్చిన దర్యాప్తు నివేదిక ఈ స్లైడును ప్రత్యేకంగా తీసుకుని మాట్లాడింది. దీన్ని చదివిన పై అధికారికి, ఇది ప్రాణాల మీదికొచ్చిన సంగతి అని తట్టకపోవడంలో ఆశ్చర్యం లేదని చెప్పింది. మా పంపు సంగతి నాకు ఆ నివేదిక గురించి చదివినప్పుడు గుర్తొచ్చింది. రెండిటికీ పోలిక లేదు, తెలుసు. మెట్లు మాత్రం అవే.

బ్రిటన్ పోస్టాఫీసు కథ నువ్వు వినే ఉంటావు. హొరైజన్ అనే కంప్యూటర్ వ్యవస్థ లెక్కలు తప్పు చూపిస్తే, డబ్బు కాజేశారని చిన్న పోస్టాఫీసులు నడిపే సబ్ పోస్ట్‌మాస్టర్ల మీద కేసులు పెట్టారు. 1999 నుంచి 2015 దాకా 900 మందికి పైగా శిక్షలు పడ్డాయి. జైలుకు వెళ్లినవాళ్లున్నారు, ఇళ్లు అమ్ముకున్నవాళ్లున్నారు. 2013లో ఆ సంస్థ అధిపతి, 'బగ్' (ప్రోగ్రాములో తప్పు) అనే మాటకు బదులు ఉద్వేగం లేని మెత్తని మాట ఏదైనా చెప్పమని భర్తను అడిగారు. ఎక్సెప్షన్ అనో అనామలీ అనో అనొచ్చని ఆయన సలహా ఇచ్చారు. 2024లో విచారణలో ఆ సంగతి ఉన్న ఈమెయిల్ బయటపడింది. బగ్ అంటే ఎవరో సరిచేయాలి. అనామలీ అంటే ఎక్కడో, ఎప్పుడో, ఏదో చిన్న తేడా. ఒక్క మాట మారితే తప్పు యంత్రం నుంచి మనిషి మీదికి ఎలా జరుగుతుందో ఇంతకంటే దగ్గరగా నేను చూడలేదు.

ఈ పోరు కొత్తదేం కాదు. 1940 ఆగస్టులో, యుద్ధం నెత్తి మీద ఉండగా, బ్రిటన్ ప్రధాని చర్చిల్ తన శాఖలన్నిటికీ చిన్న నోట్ పంపారు, రిపోర్టులు కుదించండి, ఊకదంపుడు పదబంధాలు తీసేయండి అని. 1944లో అమెరికాలో మావరీ మావరిక్ అనే ఆయన, తన సంస్థలో వస్తున్న కాగితాలతో విసిగిపోయి, అర్థం కాని ఆ ఆఫీసు భాషకు, టర్కీ కోడి కూతను తలపించేలా 'గాబుల్డీగూక్' అనే మాట పుట్టించారు. ఆ మాట నిఘంటువుల్లో నిలిచిపోయింది. స్వీడన్ 2009లో, అమెరికా 2010లో చట్టాలు కూడా చేశాయి, ప్రభుత్వం ప్రజలకు అర్థమయ్యేలా రాయాలని. చట్టాలు వచ్చాక కొన్ని ఫారాలు నిజంగా మెరుగుపడ్డాయి. కానీ సూపరింటెండెంటు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టే క్షణాన్ని ఏ చట్టం ముట్టుకోగలదు? అక్కడికి వెళ్లగలిగేది కథే. అందుకే నీ మీద ఇంత ఆశ.

ఇక నువ్వు నొచ్చుకునే మాట ఒకటి చెప్పాలి. మూడో పేజీ తీసి చూడు. మీటింగ్ అయ్యాక నీ కథానాయిక మెట్లు దిగుతుంది. అక్కడ నువ్వు, "ఆమె అంతరంగంలో తెలియని ఒక మార్పు చోటు చేసుకోవడం జరిగింది" అని రాశావు. ఇది ఆమె మాట కాదు, డైరెక్టరు మాట కాదు. నీ మాట. నువ్వు ఎవరిని చూసి నవ్వావో ఆ భాషే నీ కలంలోకి వచ్చింది. రోజుకు ఎనిమిది గంటలు వింటుంటే అంటుకోకుండా ఎలా ఉంటుంది? నాకూ అంటుకుంది. నా మొదటి కథల పుస్తకంలో ఒక తండ్రి చనిపోతే "కుటుంబం తీవ్ర విషాదానికి లోనయింది" అని రాసుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే బాధగా ఉంటుంది. ఎవరు ఏడ్చారు, ఎవరు ఏడవలేదు, చెప్పులు ఎవరు సర్దారు, ఏమీ రాయలేదు. ఆమె మెట్లు దిగుతూ ఏం చేసింది? ఐడీ కార్డు మెడలోంచి తీసేసిందా? రెండు మెట్లు దిగి మళ్లీ ఎక్కిందా? అది చెప్పు. మార్పు సంగతి మేం చూసుకుంటాం.

డైరెక్టరుకు కూడా రెండు పేజీలు అక్కర్లేదు. అలాంటి భాష కథలో ఎక్కువైతే పాఠకుడి కన్ను జారిపోతుంది, అసలు మీటింగుల్లో మన చెవి జారిపోయినట్టే. ఒక్క వాక్యం ఉంచు. తర్వాత ఆయన్ని వరండాలోకి తీసుకురా. నేను ముప్పై ఏళ్లు గమనించింది ఏమిటంటే, లోపల "సమన్వయ లోపాలను అధిగమించాలి" అన్న మనిషే బయటికొచ్చి ఫోన్లో "వాడు ఫైల్ మీద కూర్చున్నాడయ్యా, నువ్వెళ్లి అడుగు" అంటాడు. చక్కని, తోక ఉన్న తెలుగు! గుమ్మం దాటగానే భాష వచ్చేస్తుంది. ఆ గుమ్మం దగ్గర నిలబడి విను. అదే మనిషి, అర నిమిషం తేడా. ఆయన్ని వెక్కిరించకుండానే అంతా చెప్పేయొచ్చు.

నేను ఎప్పుడు మారానో కూడా చెప్పి ముగిస్తాను. పంపు సంగతి తర్వాత కూడా నేను అలాగే రాస్తూ వచ్చాను, దాచను. నన్ను కదిలించింది ఒక పెద్దావిడ. మా సంస్థలో పనిచేసి చనిపోయిన ఒక ఉద్యోగి భార్య. ఫ్యామిలీ పెన్షన్‌కి అర్జీ పెట్టుకుంది. ఒకరోజు కౌంటర్ దగ్గరికి వచ్చి, నాలుగు మడతలు పెట్టిన కాగితం విప్పి నా ముందు పెట్టింది. మడతల దగ్గర చిరుగు పట్టింది. ముగ్గురి చేత చదివించుకుందట. "ఇందులో అవునని ఉందా, కాదని ఉందా బాబూ?" అని అడిగింది.

అది నేను రాసిన జవాబే. "తమ అభ్యర్థన సంబంధిత విభాగమువారి పరిశీలనయందున్నది. నియమ నిబంధనలకు లోబడి తగు సమయమున తగు చర్య తీసుకొనబడునని తెలియజేయడమైనది." పైకి చదివాను. ఆవిడ నా మొహంలోకే చూస్తోంది. అవునో కాదో నాకే తెలియలేదు. ఫైలు తెప్పించాను. చూస్తే ఉన్నది ఒకటే అడ్డంకి. మరణ ధ్రువపత్రంలో భర్త ఇంటిపేరు ఒక అక్షరం తేడాగా పడింది. ఇద్దరూ ఒక్కరేనని ఒక అఫిడవిట్ ఇస్తే చాలు. ఏడు నెలలుగా ఫైలు అక్కడే పడి ఉంది. పెన్సిల్‌తో ఆ కాగితం వెనక రాసిచ్చాను: "పెద్దమ్మా, మీ ఆయన ఇంటిపేరు రెండు కాగితాల్లో రెండు రకాలుగా ఉంది. నోటరీ దగ్గర అఫిడవిట్ చేయించి తీసుకురండి. తెచ్చాక నేను పైకి పంపుతాను." ఆవిడ నాలుగో రోజుకల్లా తెచ్చింది.

ఆ పెన్సిల్ రాత చూడు. అందులో 'నేను పంపుతాను' అని ఉంది. ఉద్యోగంలో అదే మొదటిసారి, ఒక జవాబులో నేను కనిపించడం. రాస్తుంటే చెయ్యి కొంచెం వణికింది కూడా, రేపు పంపకపోతే ఆవిడ నన్నే అడుగుతుంది కదా. అప్పటి నుంచి కాగితం ఏదైనా, కథ ఏదైనా, రాశాక ఆవిడ కౌంటర్ అవతల నిలబడి ఉందనుకుని పైకి చదువుకుంటాను. ఆవిడ మొహం చూస్తూ చదవలేని వాక్యం కొట్టేస్తాను.

నీ కథలో ఒక అమ్మాయి ఉంది. ఒక్క వాక్యంలో వచ్చి వెళ్లిపోతుంది, గుర్తుందా? స్లైడ్లు టైపు చేసిన కాంట్రాక్టు ఉద్యోగిని. ల్యాప్‌టాప్ సర్దుకుని వెనక తలుపు లోంచి వెళ్లిపోయిందని రాశావు. ఆ స్లైడు కంటే ముందున్న కాగితాన్ని ఆ గదిలో చూసింది ఆమె ఒక్కతే. ఆమె బల్ల మీద అది ఇంకా ఉందేమో. ఈసారి అక్కడి నుంచి మొదలుపెట్టి రాసి పంపు. తొందరేం లేదు, నెల పట్టినా సరే.

ఆశీస్సులతో,
బాబాయి